తీర్పు సరైనదైనా ఒప్పుకోబుద్ధి కాదెందుకు?

క్లుప్తంగా: ఫుట్‌బాల్ మైదానంలోనైనా, కోర్టులోనైనా, ఇంట్లోనైనా "ఇది అన్యాయం" అనే మాట వెనుక మూడు వేర్వేరు ఫిర్యాదులు ఉంటాయి. ఫలితం తప్పు అన్నది ఒకటి. ఒకరికో కొలత, ఇంకొకరికో కొలత అన్నది రెండోది. మా మాట వినలేదు, కారణం చెప్పలేదు అన్నది మూడోది. కెమెరాలు, కఠిన నిబంధనలు మొదటి ఫిర్యాదునే ఎక్కువగా తగ్గించగలిగాయి. మిగిలిన రెండింటి విషయంలో మనిషి విచక్షణ పోలేదు, కంటికి కనిపించని చోటికి జరిగింది. కారణం చెబితే కోపం కొంత తగ్గుతుంది. అయితే ఆ మందు ఇంటి గొడవల దగ్గర అంతగా పనిచేయదు.

వీడియో గదిలో జరిగింది

2023 సెప్టెంబరు 30న లండన్‌లో టాటెన్‌హామ్, లివర్‌పూల్ జట్ల మ్యాచ్. స్కోరు 0-0 ఉండగా 34వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ బంతిని గోల్‌లోకి కొట్టాడు. సహాయ రెఫరీ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు, అంటే బంతి అందించిన క్షణంలో డియాస్ ప్రత్యర్థి రక్షకులను దాటి ముందున్నాడని. వీడియో అసిస్టెంట్ రెఫరీ, అంటే వీఏఆర్, తెర మీద గీతలు గీసి చూశాడు. డియాస్ ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడు. ఇక్కడిదాకా యంత్రం తన పని తాను చేసింది.

ఆ తర్వాత వీఏఆర్ "చెక్ పూర్తయింది" అన్నాడు. మైదానంలో గోల్ ఇచ్చేశారని, దాన్నే తాను ఖాయం చేస్తున్నానని అతను అనుకున్నాడు. నిజానికి మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్. దాంతో అతని మాట ఆ తప్పు నిర్ణయాన్నే ఖాయం చేసింది. కొన్ని సెకన్లలోనే పక్కన ఉన్నవాళ్లు పొరపాటు గుర్తించారు. అప్పటికి ఫ్రీకిక్‌తో ఆట మళ్లీ మొదలైపోయింది. ఆట తిరిగి మొదలయ్యాక వెనక్కి వెళ్లి నిర్ణయం మార్చడానికి, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, నిబంధనలు ఒప్పుకోవు. "ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు" అన్న మాటలూ రికార్డయ్యాయి. లివర్‌పూల్ 1-2తో ఓడింది. ఇంగ్లండ్‌లో రెఫరీల వ్యవహారాలు చూసే పీజీఎంఓఎల్ సంస్థ అదే సాయంత్రం ఇది మనిషి చేసిన పెద్ద తప్పేనని ఒప్పుకుంది. మూడు రోజుల తర్వాత ఆ గదిలోని సంభాషణ ఆడియోను కూడా బయటపెట్టింది.

ఆడియో విన్నవారికి కుట్ర ఏదీ దొరకలేదు. కంగారుపడుతున్న నలుగురైదుగురు ఉద్యోగులు మాత్రం వినిపించారు. మరి అంతా బయటపెట్టాక కోపం చల్లారిందా అంటే, కొంత చల్లారింది, కొంత కొత్తగా రగిలింది. తప్పు జరిగిందని అందరికీ తెలుసు, దిద్దే సాధనం చేతిలోనే ఉంది, అయినా పద్ధతి ఒప్పుకోదు. అప్పటి లివర్‌పూల్ మేనేజర్ యూర్గెన్ క్లాప్ మ్యాచ్ మళ్లీ ఆడించాలన్నది ఇందుకే. అది జరగలేదు.

82 నుంచి 96కి

గొడవ ఇంకా ఉంది గనుక వీఏఆర్ వల్ల ఉపయోగం లేదనడం సరికాదు. 1986 జూన్ 22న మెక్సికో నగరంలో మారడోనా చేత్తో కొట్టిన గోల్ గానీ, 2009 నవంబరులో పారిస్‌లో థియరీ ఆన్రీ చేతికి తగిలిన బంతి ఐర్లండ్‌ను ప్రపంచకప్‌కు దూరం చేయడం గానీ ఇప్పుడైతే కెమెరా కన్నుగప్పి సాగవు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి లోపల పడినా గోల్ ఇవ్వలేదు. రెండేళ్లకే గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది, 2014 ప్రపంచకప్‌లో అమలైంది. ఆ విషయంలో వివాదం దాదాపు ముగిసింది. బంతి గీత దాటిందా లేదా అన్నది పూర్తిగా కొలతకు లొంగే ప్రశ్న కాబట్టే అది సాధ్యమైంది.

వీఏఆర్‌ను 2018లో అధికారికంగా ఆట నిబంధనల్లో చేర్చారు. ప్రీమియర్ లీగ్ 2019-20 సీజన్ నుంచి వాడుతోంది. దీన్ని ఎత్తేయాలని 2024లో వోల్వర్‌హాంప్టన్ క్లబ్బు తీర్మానం పెట్టినప్పుడు, సరైన నిర్ణయాలు 82 శాతం నుంచి 96 శాతానికి పెరిగాయని లీగ్ వాదించింది. తీర్మానం 19-1 ఓట్లతో వీగిపోయింది. మిగతా క్లబ్బులన్నీ వీఏఆర్‌ను నిలబెట్టుకున్నాయి, స్టాండ్స్‌లో తిట్లు మాత్రం ఆగలేదు.

ఎందుకంటే వీఏఆర్ ముందుకు రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. ఆఫ్‌సైడ్ చాలావరకు కొలత. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు, బంతి లోపల సెకనుకు 500 సార్లు సంకేతం పంపే సెన్సర్ పెట్టారు. తొలి మ్యాచ్ మూడో నిమిషంలోనే ఈక్వడార్ గోల్‌ను ఆ వ్యవస్థ రద్దు చేసింది. కంటికి కనిపించని ఆఫ్‌సైడ్ అది. మొదట అయోమయం కలిగినా, గ్రాఫిక్ చూపించాక పెద్దగా వాదించడానికి ఏమీ మిగల్లేదు.

చేతికి బంతి తగలడం, పెనాల్టీ, రెడ్ కార్డు అలాంటివి కావు. అవి అంచనాలు. చేయి "అసహజంగా" చాచాడా అన్నది ఏ సెన్సరూ చెప్పలేదు. హ్యాండ్‌బాల్ నిబంధనను 2019లో తిరగరాశారు, 2021లో మళ్లీ సడలించారు. పైగా వీఏఆర్ కలగజేసుకోవాలంటే మైదానంలో జరిగింది "స్పష్టమైన, కళ్లకు కట్టే తప్పు" అయి ఉండాలి. అంటే ఫౌల్ అవునా కాదా అనే ఒక అంచనా మీద, ఆ తప్పు తగినంత స్పష్టమా కాదా అనే ఇంకో అంచనా వచ్చి చేరింది. ఒకే రకం టాకిల్‌కు శనివారం ఒక మ్యాచ్‌లో పెనాల్టీ వచ్చి, ఆదివారం ఇంకో మ్యాచ్‌లో రాకపోతే రెండూ నిబంధన ప్రకారమే కావచ్చు. మొదటి మ్యాచ్‌లో రెఫరీ ఇచ్చాడు, వీఏఆర్ కాదనలేదు. రెండో దాంట్లో రెఫరీ ఇవ్వలేదు, వీఏఆర్ కాదనలేదు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడికి మాత్రం ఒక కంట్లో వెన్న, ఇంకో కంట్లో సున్నం పెట్టినట్టే ఉంటుంది.

ఇంకో సంగతి. ప్రీమియర్ లీగ్‌లో కీలక నిర్ణయాలు సరైనవా కావా అని వారం వారం తేల్చేది ఐదుగురి ప్యానెల్. మాజీ ఆటగాళ్లు, కోచ్‌లు ముగ్గురు, లీగ్ తరఫున ఒకరు, రెఫరీల సంస్థ తరఫున ఒకరు. వాళ్లే 3-2గా చీలిన సందర్భాలున్నాయి. అంటే "సరైన నిర్ణయం" లెక్కలోనూ మెజారిటీ అభిప్రాయం అనే పాలు కొంత ఉంది.

చూసే కళ్లు ఎవరివి?

అభిమానులు కావాలని అబద్ధమాడతారని అనుకోవడం తేలిక. పరిశోధనలు వేరే మాట చెబుతున్నాయి. 1951లో అమెరికాలో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొరటుగా సాగింది. ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ మ్యాచ్ ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ వేసి చూపించి, కనిపించిన ఫౌళ్లన్నీ రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన ఫౌళ్లు ప్రిన్స్‌టన్ విద్యార్థులకు సగటున 9.8 కనిపిస్తే, డార్ట్‌మత్ విద్యార్థులకు 4.3 కనిపించాయి. ఫిల్ము ఒక్కటే. 1954లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని నేటి రీప్లే యుగానికి అన్వయిస్తే, అదే దృశ్యాన్ని పదిసార్లు చూపించినంత మాత్రాన ఇరువర్గాలూ ఏకాభిప్రాయానికి వస్తాయని ఆశించనక్కర్లేదు.

రెఫరీలూ దీనికి అతీతులు కారు. ఇంగ్లండ్‌లో 40 మంది అర్హత గల రెఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్‌లోని 47 సంఘటనలను చూపించారు. కొందరికి ప్రేక్షకుల హోరుతో, కొందరికి శబ్దం లేకుండా. హోరు విన్నవాళ్లు సొంతగడ్డ జట్టు మీద సుమారు 15 శాతం తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. 2002లో వెలువడిన ఈ అధ్యయనానికి కొవిడ్ కాలం అనుకోని పరీక్ష పెట్టింది. 2020 మే 16న జర్మనీ బుండెస్‌లిగా ఖాళీ స్టేడియాల్లో తిరిగి మొదలైంది. అక్కడా, ఇతర యూరప్ లీగుల్లోనూ సొంతగడ్డ అనుకూలత తగ్గిందని, పర్యాటక జట్లకు చూపే కార్డుల్లో తేడా కూడా తగ్గిందని పలు విశ్లేషణలు తేల్చాయి. లంచం లేదు, బెదిరింపు లేదు. అరుపులు చాలు.

దంపతుల విషయంలోనూ ఇలాంటిదే ఒకటి జరుగుతుంది. 1979లో మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు కెనడాలో 37 జంటలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. భార్య చెప్పింది, భర్త చెప్పింది కలిపితే చాలా పనుల్లో మొత్తం నూరు శాతం దాటింది. ఇది గొప్ప కోసం చెప్పిందేనా? కాదనిపించే ఆధారం ఒకటి అందులోనే ఉంది. గొడవలకు కారణం కావడం లాంటి చెడ్డ విషయాల్లో కూడా ఎవరికి వారు తమ వాటానే ఎక్కువ చెప్పుకున్నారు. తాను చేసింది తనకు గుర్తుంటుంది, అవతలివారు చేసింది కళ్ల ముందు జరిగినా మనసులో అంతగా నిలవదు. ఇంటి తగాదాల్లో ఇద్దరూ నిజాయితీగానే తాము ఎక్కువ చేస్తున్నామని నమ్మడం ఇలా సాధ్యమవుతుంది.

ఒకే నేరం, మూడు గతులు

ఫుట్‌బాల్‌లో పొరపాటుకు పోయేది మూడు పాయింట్లు. శిక్షల విషయంలో నిలకడ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి భారత న్యాయచరిత్రలో హర్బన్స్ సింగ్ కేసును మించింది లేదు.

ఉత్తరప్రదేశ్‌లో ఒక కుటుంబంలోని నలుగురిని చంపిన నేరానికి ముగ్గురికి 1975లో సెషన్స్ కోర్టు ఉరి విధించింది. ముగ్గురి పాత్రా సమానమే. అలహాబాద్ హైకోర్టు ముగ్గురికీ శిక్ష ఖాయం చేసింది. సుప్రీంకోర్టుకు మాత్రం ముగ్గురూ వేర్వేరు సమయాల్లో, వేర్వేరుగా వెళ్లారు. ఒకరి పిటిషన్‌ను ఒక బెంచి కొట్టేసింది. రెండో వ్యక్తి శిక్షను 1977లో ఇంకో బెంచి యావజ్జీవంగా మార్చింది. మూడో వ్యక్తి పిటిషన్ వచ్చిన బెంచి దాన్నీ కొట్టేసింది. సహనిందితుడికి శిక్ష తగ్గిన సంగతి ఆ బెంచి ముందుకు రానేలేదు. 1981 అక్టోబరు 6న మొదటి వ్యక్తిని ఉరితీశారు. మూడో వ్యక్తికీ అదే రోజు ముహూర్తం. ఆఖరి ఘడియల్లో అతను వేసిన రిట్ పిటిషన్ వల్ల ఆగింది. 1982లో సుప్రీంకోర్టు ఫైళ్లన్నీ ఒక్కచోట పెట్టి చూసి, ఇతని శిక్ష తగ్గించాలని రాష్ట్రపతికి సిఫారసు చేసింది. ఉరితీసిన మనిషి విషయంలో మాత్రం చేసేదేమీ లేదు.

అప్పటికే, 1980లో, బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం "అరుదైన వాటిలోకెల్లా అరుదైన" కేసుల్లోనే ఉరి అనే సూత్రం చెప్పింది. ఏది అరుదైనదో జాబితాగా కట్టివేయకుండా న్యాయమూర్తుల విచక్షణకు వదిలింది. 1983లో మచ్చీ సింగ్ కేసు కొన్ని తరగతులు చెప్పే ప్రయత్నం చేసింది. 2008లో స్వామి శ్రద్ధానంద కేసుకు వచ్చేసరికి, ఉరి ఖాయం కావడం కాకపోవడం చాలావరకు బెంచి మీద ఉన్న న్యాయమూర్తుల వ్యక్తిగత మొగ్గును బట్టి ఉంటోందని సుప్రీంకోర్టే అంగీకరించింది. రెఫరీని బట్టి పెనాల్టీ అన్న ఫిర్యాదు ఇదే, పణంగా ఉన్నది మాత్రం ప్రాణం.

మరి విచక్షణ తీసేసి పట్టిక పెడితే? అమెరికా పెట్టి చూసింది. ఒకే నేరానికి ఒక జడ్జి రెండేళ్లు, ఇంకో జడ్జి పదేళ్లు వేస్తున్నారన్న విమర్శ మీద 1984లో చట్టం చేసి, 1987 నవంబరు నుంచి ఫెడరల్ కోర్టుల్లో శిక్షల పట్టిక అమలుచేశారు. నిలువునా నేర తీవ్రత 43 మెట్లు, అడ్డంగా నేరచరిత్ర 6 తరగతులు, మొత్తం 258 గళ్లు. జడ్జి పని చాలావరకు సరైన గడి వెతకడమే అయింది. జడ్జీల మధ్య తేడాలు తగ్గాయి. కానీ ఏ అభియోగం మోపాలి, ఎంత పరిమాణం చూపాలి అన్నది ప్రాసిక్యూటర్ చేతిలో ఉంది. ఫెడరల్ శిక్షల్లో 90 శాతానికి పైగా విచారణ దాకా పోకుండా నేరం ఒప్పుకోలు బేరాలతోనే ముగుస్తాయి. అంటే బహిరంగ కోర్టులో జడ్జి వాడే విచక్షణ, తలుపులు మూసిన గదిలో ప్రాసిక్యూటర్ చేతికి మారింది.

పైగా పట్టికలో వేసే అంకెలే వంకరగా ఉంటే సమానంగా అమలుచేసినా అన్యాయమే. 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ (గడ్డల రూపంలోని) కొకైన్‌కూ, 500 గ్రాముల పొడి కొకైన్‌కూ ఒకటే కనీస శిక్ష, ఐదేళ్లు. క్రాక్ కేసుల్లో జైలుకు వెళ్లింది అత్యధికంగా నల్లజాతివారు. ఈ 100:1 నిష్పత్తిని 2010లో 18:1కి తగ్గించారు. ఈలోగా 2005లో బుకర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పట్టిక సలహా మాత్రమేనని, తప్పనిసరి కాదని చెప్పేసింది. లోలకం మళ్లీ విచక్షణ వైపు వచ్చింది.

చుండూరు, చిలకలూరిపేట, చటాన్‌పల్లి

ఒక్కో కేసు తీర్పును జనం దానికదిగా చూడరు. పక్క కేసుతో పోల్చి చూస్తారు. తెలుగు నేల మీద ఈ పోలికకు కులం ఎప్పుడూ తోడుంటుంది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును గ్రామానికే రప్పించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆధారాలు చాలవంటూ వాళ్లందరినీ నిర్దోషులుగా వదిలేసింది. 1993లో చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం బస్సు తగలబెట్టిన ఘటనలో 23 మంది చనిపోయారు. అందులో ఇద్దరు దళిత యువకులకు పడిన ఉరిని సుప్రీంకోర్టు దాకా ఖాయం చేశారు. పౌరహక్కుల సంఘాల ఉద్యమం తర్వాత 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ హయాంలో అది యావజ్జీవంగా మారింది. ఈ రెండు కేసుల ఆధారాలు, నేర స్వభావం వేరు. న్యాయశాస్త్రం వాటిని పక్కపక్కన పెట్టదు. జనం జ్ఞాపకం పెడుతుంది. ఫుట్‌బాల్ అభిమాని శనివారం పెనాల్టీని ఆదివారం పెనాల్టీతో పోల్చే పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది, తేడా ఏమిటంటే ఇక్కడి పోలిక వెనుక తరాల అనుభవం ఉంది.

2019 డిసెంబరు 6 నాటి చటాన్‌పల్లి ఘటన ఇంకో కోణం చూపిస్తుంది. హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన తొమ్మిది రోజులకు నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని తేల్చింది. నివేదిక 2022 మేలో బయటకు వచ్చింది. పూలు చల్లినప్పటి హడావుడిలో వందో వంతు కూడా నివేదికకు రాలేదు.

దీన్ని జనానికి పద్ధతి అక్కర్లేదనడానికి రుజువుగా చూపేవారున్నారు. తొందరపాటు నిర్ధారణ అది. ఢిల్లీలో 2012 డిసెంబరు నాటి నిర్భయ కేసులో ఉరి అమలైంది 2020 మార్చి 20న. అంత వెలుగులో, అంత ఒత్తిడిలో సాగిన కేసుకే ఏడేళ్ల మూడు నెలలు. 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలో ఖైదీల్లో 75.8 శాతం మంది శిక్ష పడనివారు, విచారణలోనే ఉన్నవారు. కోర్టు ద్వారా న్యాయం తన జీవితకాలంలో అందదని నమ్మినవాడికి పద్ధతి విలువ చెప్పడం కష్టం. చటాన్‌పల్లి పూలలో పోలీసుల మీది నమ్మకం కంటే కోర్టుల కాలయాపన మీది నిరాశే ఎక్కువని చెప్పడానికి ఆస్కారం ఉంది.

కారణం చెబితే ఏం మారుతుంది?

అమెరికన్ పరిశోధకుడు టామ్ టైలర్ 1980లలో షికాగో నగరవాసులను సర్వే చేసి, పోలీసులతో, కోర్టులతో వాళ్ల అనుభవాలు అడిగారు. కేసు గెలిచామా ఓడామా అన్నదానికంటే, తమ మాట విన్నారా, మర్యాదగా చూశారా, నిష్పాక్షికంగా ఉన్నారా అన్నవే వాళ్ల అభిప్రాయాన్ని ఎక్కువగా నిర్ణయించాయి. తర్వాత చాలా దేశాల్లో, చాలా రంగాల్లో ఇలాంటి ఫలితాలే వచ్చాయి. చుండూరు బాధితులు కోర్టు తమ ఊరికి రావాలని ఎందుకంత పట్టుబట్టారో దీనితో అర్థం చేసుకోవచ్చు. సాక్ష్యం చెప్పడానికి భయపడుతూ పరాయి ఊరికి వెళ్లడం వేరు, తమ వాళ్ల మధ్య నిలబడి చెప్పడం వేరు.

ఫుట్‌బాల్ ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకుంటోంది. క్రికెట్, రగ్బీ చూసేవారికి వీడియో చూసి తేల్చే అంపైర్, రెఫరీల మాటలు వినడం ఎప్పటి నుంచో అలవాటే. ఫుట్‌బాల్‌లో మాత్రం రెఫరీ చెవి మీద చేయి పెట్టుకుని నిలబడితే, 50 వేల మంది ఏం జరుగుతోందో తెలియక ఎదురుచూడాల్సి వచ్చేది. 2023 మహిళల ప్రపంచకప్‌లో తొలిసారి రెఫరీ వీఏఆర్ నిర్ణయాన్ని మైకులో స్టేడియానికి ప్రకటించే పద్ధతి పెద్ద స్థాయిలో ప్రయత్నించారు.

వివరణ లేని చోట ఏమవుతుందో 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో కనిపించింది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలో, కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు అడ్డుగోడ కట్టుకునేలోపే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ కొట్టి గోల్ చేశాడు. రెఫరీ ఒప్పుకున్నాడు. దాడి చేసే జట్టు వెంటనే కొట్టదలిస్తే విజిల్ కోసం ఆగనక్కర్లేదన్నది నిబంధన. రెఫరీ ఆటగాళ్లను దూరం జరిపే పని మొదలుపెట్టాక మాత్రం విజిల్ తప్పనిసరి. మొదలుపెట్టాడా లేదా అన్నదే వివాదం. కేరళ కోచ్ ఇవాన్ వుకమనోవిచ్ ఆటగాళ్లను మైదానం బయటకు తీసుకెళ్లిపోయాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది, కోచ్‌పై పది మ్యాచ్‌ల నిషేధం పెట్టింది. మైదానం వదిలినందుకు శిక్ష సబబే కావచ్చు. కానీ దాని పరిమాణం చూశాక, అసలు నిర్ణయం మీది ప్రశ్న చర్చలోంచే జారిపోయింది.

టైలర్ సిద్ధాంతానికి ఒక బలహీనత ఉంది. మర్యాదగా మాట్లాడి, అంతా విని, చివరికి అన్యాయమే చేసినా బాధితుడు కొంత తృప్తిపడి వెళ్లిపోయే అవకాశం ఉంది. పద్ధతి బాగుండటం వల్ల ఫలితంలోని వంకర కనిపించకుండా పోతుంది. ఈ ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఇంట్లోనే.

ఇంట్లో రెఫరీ ఉండడు

జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్లు పైబడినవారిలో జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న మహిళలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పాల్గొన్నవారు రోజుకు వెచ్చించింది మహిళలు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ నిమిషాలు 289, 88. తేడా ఇంత ఉన్నా, ఇంటింటా దీన్ని అన్యాయంగా భావించడం అంత ఎక్కువగా కనిపించదు. భార్య తన పనిని పోల్చుకునేది భర్త పనితో కాకుండా అత్తగారి పనితోనో, తోడికోడలి పనితోనో అయితే లెక్క వేరుగా తేలుతుంది. "మా ఆయన కనీసం కూరగాయలు తెస్తాడు" అన్న మాటలో ఉన్నది ఈ పోలికే.

పోనీ, లెక్క రాసుకుంటే సరిపోతుందా? మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979 నుంచి చేసిన పరిశోధనల్లో రెండు రకాల సంబంధాలను గుర్తించారు. ఇచ్చిపుచ్చుకునే సంబంధంలో బాకీ వెంటనే తీర్చడం మర్యాద. ఆత్మీయ సంబంధంలో చేసిన మేలుకు వెంటనే బదులు తీర్చేస్తే ఎదుటివారు దూరంగా భావిస్తారు. అందుకే అన్నదమ్ముల మధ్య గానీ, ఆలుమగల మధ్య గానీ లెక్క అడిగినవాళ్లే తప్పు చేసినవాళ్లవుతారు. అన్యాయం నిజంగా ఉన్నా సరే. కోర్టులో ఫిర్యాదు హక్కు, ఇంట్లో అది నిష్ఠూరం.

ఆస్తి పంపకంలో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణను ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2005 సెప్టెంబరు 9న, కేంద్ర చట్టం దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది, పెళ్లి షరతు లేకుండా. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఊళ్లలో వాదన వేరే కొలతతో నడుస్తుంది. "కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద అరెకరం రాశాం, పురుళ్లు పోశాం, ఇంకా వాటా ఏమిటి?" అన్నది అన్నదమ్ముల లెక్క. కట్నం వెళ్లింది అత్తారింటికి, తన చేతికి కాదన్నది ఆడపడుచు లెక్క. పండక్కి పుట్టింటి గడప తొక్కే దారి మూసుకుపోతుందేమోనన్న భయం మూడోది, ఏ లెక్కలోకీ ఎక్కనిది. ఈ మూడూ తూచి చెప్పేవారెవరూ లేరు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టినా వాళ్లు సాధారణంగా చూసేది తగాదా బయటకు పోకుండా ఉండటమే.

చివరికి వ్యవహారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరుతుంది. అక్కచెల్లెళ్లు తమ వాటా వదులుకుంటున్నట్టు రాసే రిలీజ్ డీడ్ మీద సంతకం పెడతారు, ఫొటో దిగుతారు, వేలిముద్రలు వేస్తారు, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తారు. "ఎవరి ప్రోద్బలం, ఒత్తిడి లేకుండా, ఇష్టపూర్వకంగా" అన్న వాక్యం దస్తావేజు నమూనాలోనే ఉంటుంది. చాలామంది నిజంగానే ఇష్టపడి రాస్తారు. కొందరు రాయక తప్పక రాస్తారు. రెండు దస్తావేజులూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. తర్వాత ఎవరైనా కోర్టుకు వెళ్లి, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నారని వాదించవచ్చు. సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి, తన మీద అన్నదమ్ములకు ఉన్న పట్టును ముందుగా తానే చూపాలి. అందుకు సాక్ష్యం చెప్పగలిగినవాళ్లు సాధారణంగా ఆ ఇంటివాళ్లే.